ఇవీ నా వేళ్ళే

మా వదిన మొండిది. ఈ మాట చాటున అనడం లేదు. ఆవిడ ఎదుటే ఎన్నోసార్లు అన్నాను, ఆవిడా ఎప్పుడూ కాదనలేదు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, ఆ సగం హక్కు పెట్టుకునే ఆవిడ కథ చెబుతున్నాను. నచ్చకపోతే వంటింట్లో నాతో తేల్చుకుంటుంది.

ఆవిడ లెక్కల టీచరు. నేను అదే బడిలో ఆఫీసు గుమాస్తాని. మా అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. మేం ముగ్గురం, మా అమ్మ, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. బడిలో ఆవిడ నన్ను "మేడమ్" అంటుంది. గేటు దాటగానే "ఏవమ్మాయ్, పాలు తెచ్చావా?" అంటుంది.

వదిన వాళ్ళ నాన్నగారు నోటిలెక్కల్లో దిట్ట. ఒక మిల్లు గోదాములో సరుకు లెక్కలు చూసేవారు. ఎంత పొడుగు కూడికైనా చూపుడువేలు పైనుంచి కిందికి జార్చుకుంటూ వచ్చి, అడుగున ఆగి, జవాబు చెప్పేసేవారట. కాగితం అడిగేవాళ్ళంటే ఆయనకి చులకన. ఇంట్లో ఆడపిల్ల వేళ్ళు మడిచి లెక్కపెడుతుంటే స్కేలు తీసి కణుపుల మీద కొట్టేవారు. "లెక్క తలలో ఉండాలి. చేతిలో ఉన్నది లెక్క కాదు" అనేవారు. వదిన చేతులు వెనక్కి పెట్టుకుని లెక్కపెట్టడం నేర్చుకుంది. భుజాలు కదలడం చూసి ఆయన పట్టేశారు. అప్పుడు ఆవిడకి ఎనిమిదేళ్ళుంటాయేమో. "ఈ వేళ్ళు కూడా నావేగా నాన్నా! పక్కింటివాళ్ళవి కాదుగా!" అందట. ఆ మాటకి ఇంకో దెబ్బ పడింది. అయినా మానలేదు. ఇప్పటికీ బజారులో, బస్సులో, ఏదైనా ఆలోచిస్తున్నప్పుడు ఆవిడ బొటనవేలు మిగిలిన వేళ్ళ కణుపుల మీద పాకుతూనే ఉంటుంది.

మా ఇంటికి వచ్చాక ఈ వేళ్ళ పిచ్చి కాస్తా మా అందరి నెత్తికీ చుట్టుకుంది. బడి టైం టేబుల్ వేసే పని ఆవిడకి అప్పగించారు. ఎవరూ చెయ్యని పని కొత్తగా వచ్చినవాళ్ళ మెడకి చుట్టడం మా బడి ఆనవాయితీ. ఏటా వేసవి సెలవులు ముగిసేముందు మా భోజనాల బల్ల మాయమైపోయేది. అంటే బల్ల అక్కడే ఉండేది, దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి అట్టముక్కలు పరిచి ఉండేవి. ఒక్కో టీచరుకి ఒక్కో రంగు. అడ్డంగా పీరియడ్లు, నిలువుగా క్లాసులు. ముక్కలు అటూ ఇటూ జరుపుతూ ఆవిడ బల్ల చుట్టూ తిరుగుతూ ఉండేది. ఒకే టీచరు ఒకే సమయంలో రెండు క్లాసుల్లో కనపడితే మళ్ళీ మొదటికి.

ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాను వెయ్యనిచ్చేది కాదు. నిప్పులు చెరిగే ఎండల్లో, ఆ పది రోజులూ, ఇంట్లో ఫ్యాను లేదు. మా అమ్మ గది మూల కూర్చుని, కొంగుతో విసురుకుంటూ, "దీన్ని కోడలిగా తెచ్చుకున్నామా, వడగాలిని తెచ్చుకున్నామా?" అనేది. అన్నయ్య కంచం చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని తినేవాడు. ఒకసారి తుమ్మాడు. ఏడో తరగతి మొత్తం బల్ల కింద పడింది. ఆ రోజు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

ఆ ముక్కల్లో కొన్నిటికి మూల కత్తిరించి ఉండేది. అంటే ఆ ముక్క కదలకూడదని గుర్తు. పి.టి. సార్‌కి మోకాలు బాగోదు కాబట్టి వరసగా మూడు పీరియడ్లు వద్దు, సైన్సు ల్యాబు శుభ్రం చేసేందుకు శుక్రవారం చివర ఖాళీ కావాలి, ఇలాంటివి. ఇంకెన్ని ముక్కలు జరిగినా మూల తెగినవాటి జోలికి వెళ్ళకూడదు. ఆవిడ కత్తెర తీసిందంటే మాట ఇచ్చినట్టే.

వడ్రంగి మాస్టారికి ఆవిడ మాట ఇచ్చిన సాయంత్రం నేనక్కడే ఉన్నాను. మా బడిలో కింది అంతస్తు చివర ఒక వడ్రంగం గది ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కలిపి ఐదు సెక్షన్ల పిల్లలు అక్కడ కొయ్యపని నేర్చుకుంటారు. నేర్పేది ఆయనొక్కడే. సన్నటి మనిషి, కనుబొమల మీద ఎప్పుడూ రంపప్పొట్టు. ఆ రోజు మా గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, "టీచరమ్మా, భోజనం తర్వాత వచ్చే పీరియడు రోజూ నాకు ఖాళీ ఇప్పించండి. మా ఆవిడ జబ్బుతో మంచం మీదే ఉంది కదా. నేను తినిపిస్తే తప్ప తినదు" అన్నాడు. వదిన ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఐదు ముక్కలు తీసి ఆయన కళ్ళముందే ఐదింటికీ మూల కత్తిరించింది. ఆయన ఆ చిన్న చిన్న ముక్కల వంక చూసి, తల ఊపి, వెళ్ళిపోయాడు.

చివరికి మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది కూడా ఫ్యాను వల్లే. అన్నయ్య ఎవరి ఆఫీసులోనో పక్కన పడేసిన పాతదొకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, "ఇక నీ ముక్కలు దీనిలో పరుచుకో. నేను ఫ్యాను వేసుకుంటాను" అన్నాడు. వేసేశాడు కూడా. వదిన కాసేపు దాన్ని అనుమానంగా చూసింది. వారం తిరక్కుండానే దాన్ని వదలడం మానేసింది. ఎవరో మాజీ విద్యార్థి ఇచ్చిన ప్రోగ్రాములో ఒక్కో ముక్కనీ టైపు చేసి ఎక్కించింది. మూల కత్తిరించినవన్నీ 'కదలనివి' అనే వరసలోకి వెళ్ళాయి.

స్టాఫ్‌రూంలో దీని మీద పెద్ద గోలే అయింది. మా భాషా పండితులుగారు పెద్దాయన, పాతకాలం మనిషి. "యంత్రం వేసిన టైం టేబుల్‌కి మీ పేరెందుకమ్మా? దాని పేరే పెట్టండి" అని ఎకసెక్కమాడారు. అందరూ నవ్వారు. వదిన టీ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ ఆయన ముందు చాపి, "చూడండి పండితులుగారూ, ఇవి పది. ఇవి చాలక అట్టముక్కలు పెట్టుకున్నాను. అవీ చాలక దీన్ని పెట్టుకున్నాను. ఇవీ నా వేళ్ళే. మీరు కళ్ళజోడు పెట్టుకుని చదివిన పద్యం కళ్ళజోడు చదివినట్టా?" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆయనే మెల్లిగా వచ్చి తన పీరియడ్లు పొద్దుట పూటకి మార్పించుకున్నారు, అది వేరే సంగతి.

నాకూ మొదట్లో అర్థం కాలేదు. యంత్రమే అన్నీ సర్దేస్తే ఈవిడ అంతసేపు దాని ముందు ఏం చేస్తుందని. ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. ఆవిడ దానితో మాట్లాడుతోంది. తిడుతోంది, బతిమాలుతోంది. "అక్కడ కుదరదా? ఎందుకు కుదరదే? ఇది తీస్తే? ఊఁ, ఇప్పుడు ల్యాబు అడ్డొచ్చిందా. సరే, ల్యాబు జరుపుదాం" అంటోంది. నన్ను చూసి సిగ్గుపడకుండా చెప్పింది: "నాకు తోచింది నేనంటాను. అది కుదరదంటుంది. ఎక్కడ అని అడిగితే చూపిస్తుంది. చూశాక నాకు ఇంకోటి తోస్తుంది. తోచేది నాకే అమ్మాయ్. కాకపోతే ఒక్కదాన్నే కూర్చుంటే తోచనివి తోస్తున్నాయి." ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో ఉన్న సంతోషం నాకు బాగా గుర్తు.

ఇలా కొన్నేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత మాకు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు.

ఆయన చెడ్డవాడని అనను. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, పదో తరగతి ఫలితాలంటే ప్రాణం. వస్తూనే పై తరగతులందరికీ రోజూ చివరి రెండు పీరియడ్లూ 'ప్రత్యేక బోధన' అన్నాడు. బడికి కొత్త ప్రోగ్రాము కొన్నాడు. "ఇక మీకు శ్రమ వద్దు మేడమ్, కంప్యూటరే చూసుకుంటుంది" అని టైం టేబుల్ పని వదిన చేతిలోంచి తీసేసుకున్నాడు. ఎవరికెప్పుడు కుదురుతుందో, కుదరదో చెప్పే పాత రూళ్ళన్నీ, కదలనివాటితో సహా, వదిన కొత్తదానిలోకి ఎక్కించి ఇచ్చింది. ఆయన ఆఫీసులో, నా బల్ల పక్కనే కూర్చుని మీట నొక్కాడు. తెర మీద ఎర్రగా 'సాధ్యం కాదు' అని వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎరుపు. ఒక్కో సబ్జెక్టూ చూసుకుంటూ వెళ్ళి వడ్రంగం తీసేసి నొక్కాడు. ఆకుపచ్చ. ఆయన మొహం వెలిగిపోయింది. నోటీసు రాయమని నాకు చెప్పాడు.

రాశాను. గుమాస్తా ఉద్యోగం, రాయక తప్పదు. 'కంప్యూటర్ విశ్లేషణ ప్రకారం టైం టేబుల్‌లో సాధ్యం కానందున వచ్చే విద్యా సంవత్సరం నుంచి వడ్రంగం తరగతులు రద్దు చేయడమైనది.' తరగతులు రద్దంటే గది రద్దు. గది రద్దంటే మాస్టారు ఇంటికి. ఆ ఒక్క పనీ తప్ప ఇంకేదీ చెయ్యలేని మనిషి. నేను కూర్చునే స్టూలు ఆయన పిల్లలు చేసిందే, ఒక కాలు కాస్త పొట్టి. ఆ స్టూలు మీద కూర్చుని ఆ నోటీసు రాయడం నాకు ఒళ్ళు మండించింది. బోర్డుకి అంటించకుండా తిన్నగా వదిన దగ్గరకి పట్టుకెళ్ళాను.

ఆవిడ చదివి, "కంప్యూటర్ అలా అనదు" అంది.

"నా కళ్ళారా చూశాను వదినా. ఎర్రగా వచ్చింది."

"సాధ్యం కాదు అనుంటుంది. అంతవరకే దాని మాట. వడ్రంగం తీసెయ్యమన్నది ఈయన మాట. రెండూ కలిపి ఒక వాక్యంలో పెట్టి నీతో రాయించాడు."

ఆ మధ్యాహ్నం హెడ్మాస్టరు ఏదో మీటింగుకి వెళ్ళినప్పుడు వదిన నా బల్ల దగ్గర తిష్ట వేసింది. రెండువందల పైచిలుకు రూళ్ళు. ఒక్కో రూలు తీసి చూడటం, ఎరుపు అలాగే ఉంటే మళ్ళీ పెట్టెయ్యడం. ఏ రూలు తీస్తే పచ్చబడుతుందో దాన్ని పక్కన రాసుకోవడం. బొటనవేలు కణుపుల మీద పాకుతూనే ఉంది. నేను ఉత్తరాలు టైపు చేస్తూ ఓరకంట చూస్తున్నాను. చివరికి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "దొరికింది" అంది. ఆ గొంతులో సంతోషం లేదు.

నాలుగు రూళ్ళు. వడ్రంగానికి వరసగా రెండు పీరియడ్లు కావాలి, పనిముట్లు తీసి సర్దుకోవడానికే సగం పీరియడు పోతుంది కాబట్టి. పొద్దుట పూట రంపం యంత్రం మోగకూడదు, దాని మీది గదుల్లో క్లాసులు వినపడవు కాబట్టి. మధ్యాహ్నం చివరి రెండూ హెడ్మాస్టరు ప్రత్యేక బోధన. భోజనం తర్వాతి పీరియడు వడ్రంగి మాస్టారికి ఖాళీ. ఇక మిగిలింది మధ్యలో ఒకే ఒక్క పీరియడు. ఇలా పక్కపక్కన పెట్టి చెబితే చంటిపిల్లకైనా తెలుస్తుంది. రెండువందల రూళ్ళ మధ్య విడివిడిగా పడి ఉన్నప్పుడు ఎవరికీ కనపడలేదు. నాలుగింటిలో ఏ ఒక్కటి తీసినా తెర పచ్చబడుతోంది.

నాలుగోది నేను రెండుసార్లు చదివాను. మాస్టారి భార్య పోయి అప్పటికే చాలాకాలమైంది. మేమంతా వెళ్ళాం, దండ వేశాం, వచ్చాం. ఆ రూలు సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. అట్టముక్క మూల ఒకసారి తెగితే మళ్ళీ అతకదు కదా. అది అలాగే కంప్యూటర్లోకి వెళ్ళింది, పాతదానిలోంచి కొత్తదానిలోకీ వెళ్ళింది. ఎవరి కోసం, ఎందుకు అన్న సంగతి దానికి చెప్పినవాళ్ళు లేరు.

"ఇంకేం, తీసెయ్" అన్నాను. "పీడా పోయింది. గది మిగుల్తుంది, ఆయన ఉద్యోగం మిగుల్తుంది. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయన కోసం పెట్టింది. ఆయన్ని అడక్కుండా ఎలా తీస్తాను?"

"వదినా, ఆవిడే లేదు కదా!"

"ఆవిడ లేదు. ఆయనున్నాడుగా" అంది వదిన, లేస్తూ.

వడ్రంగం గదిలో మాస్టారు ఏదో పలక చిత్రిక పడుతున్నాడు. వదిన నీళ్ళు నమలకుండా చెప్పేసింది. నోటీసు సంగతి, నాలుగు రూళ్ళ సంగతి. "మీ గంట వదులుకుంటే గది ఉంటుంది మాస్టారూ. లేకపోతే హెడ్మాస్టరుగారి గంటలు కదిలించాలి. మీకు చెప్పకుండా ఏదీ చెయ్యకూడదని వచ్చాను" అంది.

ఆయన చిత్రిక ఆపలేదు. కొయ్యపొరలు నేల మీద పడుతూనే ఉన్నాయి. "నేను ఇప్పటికీ వెళ్తున్నానమ్మా ఇంటికి" అన్నాడు. "చేసేదేం లేదు. తలుపు తీస్తాను, ఆవిడ మంచం పక్కన కూర్చుంటాను, వచ్చేస్తాను. అంతే. కానీ ఆ గంట అడగొద్దు. గదిలోంచి పొమ్మంటే పోతాను."

"సరే మాస్టారూ" అంది వదిన. అంతే, వచ్చేసింది.

మెట్లెక్కుతుంటే నాకు ఆగలేదు. "సరే ఏంటి సరే? కాస్త నచ్చజెప్పాలి కదా! తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఆయనంటే, నువ్వూ వంత పాడతావేం? ఉద్యోగం పోతుంది ఆ మనిషికి!"

వదిన మెట్టు మీద ఆగింది. ఆవిడకి కోపం వస్తే గొంతు చిన్నదైపోతుంది. "నేను అడిగింది తెలుసుకోవడానికి. తెలిసింది. ఆ రూలు బతికే ఉంది. ఇక చూడాల్సింది ఇంకోటి" అంది.

ఇంకోటంటే హెడ్మాస్టరుది. మర్నాడే స్టాఫ్ మీటింగు. నోటీసు అప్పటికి ఇంకా నా సొరుగులోనే ఉంది, జిగురు అయిపోయిందని చెప్పాను.

మీటింగులో హెడ్మాస్టరు గోడ మీద తెర దించి, ఎరుపు చూపించి, వడ్రంగం తీసి, ఆకుపచ్చ చూపించాడు. "నాకు బాధగానే ఉంది. కానీ కంప్యూటర్ చెప్పాక మనం చేసేదేముంది?" అన్నాడు. వడ్రంగి మాస్టారు చివరి కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ ఆయన వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నారు.

వదిన లేచింది. "సార్, ఒక్క నిమిషం" అని తిన్నగా కంప్యూటర్ దగ్గరకి వెళ్ళింది. అడగలేదు, వెళ్ళింది. వడ్రంగం తిరిగి పెట్టింది. ఎరుపు. "ఇప్పుడు సార్ ప్రత్యేక బోధన తీస్తున్నాను" అని తీసింది.

ఆకుపచ్చ.

పి.టి. సార్ కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నాడు.

"చూశారా సార్? ఇదీ సాధ్యమే అంటోంది. దానికి వడ్రంగం అంటే పగ లేదు, మీ ప్రత్యేక బోధన అంటే ప్రేమ లేదు. ఈ నాలుగూ ఒకచోట ఇమడవని మాత్రం చెబుతోంది. అది మంచి మాట, మనకి తెలీని మాట. ఇక ఏది వదులుకోవాలన్నది మనం కూర్చుని తేల్చుకోవాలి. వారంలో ఏ రోజైనా పై తరగతుల బోధన పొద్దుటికి జరపొచ్చు. వేసి చూపిస్తాను."

హెడ్మాస్టరు నాలుగు రూళ్ళూ చదివాడు. నాలుగోదాని దగ్గర వేలు పెట్టాడు. "ఇదేంటి, భోజనం తర్వాత ఖాళీ? ఆయన భార్య పోయి చాలా కాలమైందని విన్నానే. కారణమే లేని రూలు ఇది. ఇది తీసెయ్యండి, గొడవే లేదు."

వదిన మౌసు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"కారణం ఉందో లేదో దానికి తెలీదు. మీకూ తెలీదు. నిన్నటిదాకా నాకూ తెలీదు. నేను వెళ్ళి అడిగాను. ఉంది."

"మేడమ్, ఇది బడి. నేను నాది తియ్యను."

"తియ్యకండి సార్. మీ ఇష్టం, మీ అధికారం. కానీ అలాంటప్పుడు కంప్యూటర్ కాదన్నదని రాయించకండి. మీరు కాదన్నారని రాయించండి. దాని వెనకాల నక్కడం ఎందుకు?"

నాకు ఆ క్షణంలో ఏం పూనిందో తెలీదు. సొరుగులోంచి తెచ్చిన నోటీసు బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసి, "ఎలా మార్చమంటారు సార్?" అని అడిగాను. ఆయన నన్ను కాల్చేసేలా చూశాడు. జీతం ఇచ్చే చేతిని కరుస్తున్నానని నాకు తెలుసు. చల్లగా, బ్రహ్మాండంగా అనిపించింది.

ఆయన నోరు తెరిచేలోగా వెనక కుర్చీ చప్పుడైంది. వడ్రంగి మాస్టారు నడుచుకుంటూ వచ్చి కంప్యూటర్ ముందు నిలబడ్డాడు. "టీచరమ్మా, ఏ మీట?" అన్నాడు.

"వద్దు మాస్టారూ. మీరు ఇవ్వక్కర్లేదు. నేను ఇంకా మాట్లాడుతున్నాను" అంది వదిన. ఆవిడ చెయ్యి ఇంకా మౌసు మీదే ఉంది.

"మీరు నా గదిదాకా వచ్చి అడిగారు. వద్దంటే సరేనన్నారు. ఇంకెవరూ అలా అడగలేదు నన్ను. ఏ మీటో చెప్పండి."

వదిన చూపించింది. ఆయన ఆ పగుళ్ళ వేలితో ఆ రూలు కింద ఒక్కో రోజూ ఎంచి ఐదూ తీశాడు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. గోడ మీద తెర పచ్చబడింది. ఆయన హెడ్మాస్టరు వైపు తిరిగాడు.

"సార్, ఈ గంట నేనిచ్చాను. రేపెప్పుడైనా ఎవరైనా అడిగితే కంప్యూటర్ ఇచ్చిందని మాత్రం అనకండి" అన్నాడు. తర్వాత తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

నోటీసు నేను అక్కడే నాలుగు ముక్కలు చేశాను.

ఆ రాత్రి అన్నం దగ్గర వదిన మెతుకులు కెలుకుతూ కూర్చుంది. గెలిచావు కదా అన్నాను. "గెలిచానా?" అంది. "ఆయన చెయ్యి ఆ మీట దాకా రాకుండా ఆపలేకపోయాను. గెలవడం ఏంటి?" అన్నయ్య లేచి, అలవాటు లేని పని, ఆవిడ కంచం తీశాడు.

ఆవిడ కోపం ఊరికే పోయే రకం కాదు. మొండివాడు రాజుకంటే బలవంతుడన్నారు, మొండిది హెడ్మాస్టరుకంటే కూడా. మర్నాడు కొత్త ప్రోగ్రాములో రూళ్ళ పక్కన ఒక గడి చేర్చింది. దానికి పేరు 'ఎందుకు'. ప్రతి రూలుకీ ఆ గడి నింపాలి. ఏటా సెలవులముందు ఆ రూలు పెట్టుకున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఇంకా కావాలా అని అడగాలి. గడి ఖాళీగా ఉంటే రూలు ఎగిరిపోతుంది. హెడ్మాస్టరు దగ్గరికీ వెళ్ళింది. "ఎందుకు సార్?" అంటే "నేను చెప్పాను కాబట్టి" అన్నాడు. అదే మాట అక్షరం పొల్లు పోకుండా టైపు చేసి, అచ్చు తీసి స్టాఫ్‌రూంలో పెట్టింది. రెండో రోజుకి ఆయనే వచ్చి, 'సాయంత్రం ఇంట్లో చదువుకునే వీలు లేని పిల్లల కోసం' అని మార్పించాడు. నిజమైన కారణమే. ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

సగం రూళ్ళకి కారణాలు ఎప్పుడో పోయాయని అలా బయటపడింది. పి.టి. సార్ మోకాలికి ఆపరేషన్ అయి, ఆయన మెట్లు పరిగెత్తుతున్నాడు. శుక్రవారం ల్యాబు శుభ్రం చేసే మనిషే లేడు. మా బుర్రల్లో ఎన్ని మూల తెగిన ముక్కలు ఉన్నాయో అని నాకు భయం వేసింది.

ఏడాది తిరిగింది. మళ్ళీ ఎండలు, మళ్ళీ టైం టేబుల్. హెడ్మాస్టరు ఈసారి మాట మాట్లాడకుండా పని వదినకే ఇచ్చాడు. ఆవిడ వడ్రంగం గదికి వెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. మాస్టారి భోజనం తర్వాతి క్లాసు అప్పుడే అయిపోయింది, నేలంతా పొట్టు. ఆయన్ని అడగడానికి ఇప్పుడు రూలేం లేదు. అయినా అడిగింది.

"మాస్టారూ, ఈ ఏడు ఏమైనా కావాలా?"

ఆయన చీపురు ఆపి, "ఇంకా అడుగుతున్నారా?" అన్నాడు.

"ఏటా అడుగుతాను."

ఆయన మళ్ళీ చీపురు అందుకున్నాడు. పొట్టంతా ఒక మూలకి ఊడ్చాడు. అప్పుడన్నాడు, "గురువారం. గురువారం ఒక్కటీ. ఆవిడ పోయింది గురువారం. మిగతా రోజులు ఇక్కడే బాగుంది, పిల్లలతో."

వదిన వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంది. రూలు పెట్టింది. 'ఎందుకు' అన్న గడిలో 'ఆయన అడిగారు కాబట్టి' అని రాసింది. మీట నొక్కింది.

ఎరుపు. సాధ్యం కాదు.

ఐదు సెక్షన్లు, ఐదు రోజులు. గురువారం పోతే ఒక సెక్షన్‌కి చోటు లేదు. మళ్ళీ అదే గోతిలో పడ్డామా అనుకున్నాను. వదిన మాత్రం తెర వంక చూసి, పాత స్నేహితురాలితో అన్నట్టు, "నీ మాట అయిందా? ఇక నా మాట విను" అంది. బొటనవేలు కణుపుల మీద పాకడం మొదలైంది. ఒక్కో రూలూ తీసి పెడుతూ, గురువారం ఎవరెవరు అడ్డొస్తున్నారో పక్కన రాసుకుంది. చివరికి మిగిలింది ఒక్కటే.

ఆవిడ ఫోను తీసి హెడ్మాస్టరు గదికి కలిపింది. "సార్, గురువారం ప్రత్యేక బోధన గురించి మాట్లాడాలి. లేదు సార్, కంప్యూటర్ ఏమీ అనలేదు. నేనే అంటున్నాను. వస్తున్నాను" అంది.

పొట్టికాలి స్టూలు వెనక్కి నెట్టి నేనూ లేచాను.